తెలిసిన దెయ్యమే కదా, హారర్ ట్రైలర్ చూసి ఎందుకు ఉలిక్కిపడతాం?

మీరు అడిగింది ఇది: హారర్ ట్రైలర్లన్నీ ఒకేలా ఉంటాయి, అదే పాత ఇల్లు, అదే పాప, అదే అద్దం, చివర్లో అదే అరుపు. అయినా ప్రతిసారీ ఎందుకు భయం వేస్తుంది, తీరా సినిమాకు వెళ్తే ఆ భయంలో సగం కూడా ఎందుకు ఉండదు?

నేను రెండున్నరేళ్లు కృష్ణానగర్‌లో ఒక చిన్న ఎడిట్ రూమ్‌లో అసిస్టెంట్ ఎడిటర్‌గా చేశాను. ఇప్పుడు ఆ లైన్‌లో లేను. అప్పట్లో ఒక తక్కువ బడ్జెట్ హారర్ సినిమా ట్రైలర్ మా దగ్గరికి వచ్చింది. మా ఎడిటర్ అన్న వేరే సినిమా రిలీజ్ హడావుడిలో ఉండి, "మొదటి కట్ నువ్వు వేసి పెట్టు, నేను వచ్చి చూస్తా" అని నా మీద వదిలేశాడు. ఆయన వచ్చేసరికి మూడు వారాలైంది. నాకు తెలిసిందంతా ఆ మూడు వారాల్లో తెలిసిందే, కాబట్టి థియరీ కింద తీసుకోకండి.

నా జవాబు ఏంటంటే, అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టే భయం వేస్తుంది.

ట్రైలర్‌కు ఉండేది రెండు నిమిషాలు, మహా అయితే రెండున్నర. (అమెరికాలో థియేటర్ యజమానుల సంఘం 2014లో రెండు నిమిషాలు దాటొద్దని సూచనలు కూడా ఇచ్చింది.) ఆ కాస్త టైమ్‌లో ఒక కుటుంబాన్ని పరిచయం చేసి, వాళ్ల మీద మనకు ఇష్టం పుట్టించి, ఆ తర్వాత వాళ్లకేమవుతుందోనని భయపెట్టడం ఎవరి వల్లా కాదు. అందుకే మనకు ముందే తెలిసిన సరుకు వాడతారు. కొత్త ఇంటి ముందు సామాన్లు దింపుతున్న లారీ ఒక్క సెకను, మూలన ఎవరూ కూర్చోకుండానే ఊగుతున్న కుర్చీ ఒక్క సెకను. నలుగురున్న ఇంట్లో పాప గీసిన బొమ్మలో ఐదుగురుంటారు, తల్లి "ఎవరితో మాట్లాడుతున్నావమ్మా?" అని అడుగుతుంది. అంతే, మిగతా కథంతా మనమే అల్లేసుకుంటాం. ఇదే పని సినిమాలో చెయ్యాలంటే అరగంట పడుతుంది. భయపెట్టే పనిలో సగం ప్రేక్షకుడే చేసిపెడతాడు, అదీ జీతం తీసుకోకుండా.

ఆ మూడు వారాల్లో నేను ఎక్కువసార్లు చూసింది 2013లో వచ్చిన ‘ది కంజ్యూరింగ్’ ట్రైలర్. అందులో ఒక ఆట ఉంటుంది. తల్లి కళ్లకు గంతలు కట్టుకుంటుంది, దాక్కున్న పిల్లలు చప్పట్లు కొడితే ఆ శబ్దాన్ని బట్టి వెతకాలి. పాపను వెతుక్కుంటూ గదిలోకి వెళ్తుంది, బీరువా తలుపు తెరుచుకుని రెండు చేతులు బయటికొచ్చి చప్పట్లు కొడతాయి. ఆమెకు కనబడదు, మనకు కనబడుతుంది. తర్వాత అదే తల్లి రాత్రిపూట, కింద సెల్లార్ మెట్ల మీద, చీకట్లో అగ్గిపుల్ల గీస్తుంది. ఇప్పుడు కళ్లకు గంతలు లేవు గానీ ఆ చీకటే గంతలైపోయింది. పుల్ల వెలుగులో ఆమె మొహం పక్క నుంచి రెండు చేతులు వచ్చి చప్పట్లు కొడతాయి.

ఆ ముక్కలో దెయ్యం మొహం లేదు, రక్తం లేదు. ముందు ఆట రూల్ నేర్పించారు, తర్వాత అదే రూల్‌తో కొట్టారు. చప్పట్లంటే ఎవరో దాక్కున్నారని మన బుర్రకు ఎక్కించేశాక, రెండోసారి ఆ శబ్దం వినబడగానే "ఎవరు?" అనే ప్రశ్న మనమే వేసుకుంటాం. పైగా అది పెద్ద బాంబు పేలినట్టు ఉండదు, మామూలు చప్పట్లే. పుల్ల గీశాక ఎంతసేపు ఆగారో చూడండి, అసలు పనితనం అక్కడుంది. నిశ్శబ్దం వస్తే వెనకాలే ‘ఢాం’ ఉంటుందని మనకు వందసార్లు అనుభవమే కాబట్టి భుజాలు బిగించుకుని కూర్చుంటాం, అది మనం అనుకున్న చోట రాదు, ఇంక రాదేమోలే అని ఊపిరి వదిలే సమయానికి వస్తుంది. తెలియనివాడికి ఇంత టెన్షన్ ఉండదు. మా అమ్మమ్మకు చూపించాను, ఆవిడ హారర్ సినిమాలు చూడదు, "అగ్గిపుల్లలు తడిసినట్టున్నాయిరా" అంది.

అన్న ఫోన్‌లో ఒక సలహా ఇచ్చాడు: "ఒకసారి సౌండ్ తీసేసి చూడు, ఇంకోసారి బొమ్మ తీసేసి విను." సౌండ్ తీసేస్తే నవ్వొచ్చింది, బీరువాలో ఎవరో దాక్కుని చేతులు బయటపెట్టినట్టుంది. మానిటర్ ఆపేసి హెడ్‌ఫోన్స్‌లో వింటే మాత్రం లేచి లైట్ వేశాను. రాత్రి పదకొండు దాటింది, రూమ్‌లో నేనొక్కణ్నే. ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

అప్పుడే నాకు మన దాగుడుమూతల పాట గుర్తొచ్చింది. సినిమాలో ఎలాగూ పాప ఉంది. మా అక్క కూతురికి అప్పుడు ఏడేళ్లు, ఆ ఆదివారం ఇంటికెళ్లి దానితో పాడించాను. ఇంట్లో స్టూడియో ఎక్కడిది, అక్క బట్టల బీరువా తెరిచి చీరల మధ్య తల పెట్టించి ఫోన్‌లో రికార్డు చేశాను, బట్టలుంటే గది మోత తగ్గుతుంది. "మెల్లగా పాడమ్మా" అంటే "మామయ్యా, మెల్లగా పాడితే దొంగ వచ్చేస్తాడు కదా" అని నవ్వేది. తొమ్మిది టేకులు నవ్వులోనే పోయాయి. పదోసారి విసుగొచ్చి, ఏ భావమూ లేకుండా "దాగుడుమూతా దండాకోర్..." అని అప్పజెప్పినట్టు పాడింది. అదే వాడాను. వేగం కొద్దిగా తగ్గించాను, అంతే. ఊరికే ఎకో వేస్తే పౌరాణిక నాటకంలా తయారవుతుందని అది కూడా తీసేశాను.

"ఎక్కడి దొంగలు అక్కడే గప్‌చిప్" అన్న దగ్గర మొత్తం సౌండ్ కట్ చేశాను. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. సినిమాలో నిశ్శబ్దం అంటే నిజంగా నిశ్శబ్దం కాదు, అడుగున ఫ్యాన్ హోరో గాలి చప్పుడో సన్నగా పరిచి ఉంచుతారు. అది కూడా తీసేస్తే ఏదో తేడా జరిగిందని చెవికి వెంటనే తెలిసిపోతుంది. థియేటర్‌లో అయితే ఏసీ చప్పుడు, పక్కవాడి ఊపిరి వినబడతాయి. రెండు సెకన్లు, అంటే 48 ఫ్రేములు అలా వదిలేశాను. టైమ్‌లైన్ మీద చూస్తే వేలెడంత ఖాళీ, చూసేవాడికి మాత్రం చాలాసేపు.

మాకు చాయ్ తెచ్చే అబ్బాయికి చూపించాను. ట్రే పట్టుకుని నిలబడే చూశాడు. ఆ ఖాళీ దగ్గర మొహం సగం పక్కకు తిప్పేసి ఒంటికన్నుతో చూస్తూ ఉన్నాడు, ట్రేలో గ్లాసులు సన్నగా గలగలమన్నాయి. ఆ వెంటనే స్క్రీన్ నిండా దెయ్యం మొహం వచ్చింది. వాడు హాయిగా నవ్వి "మేకప్ బాగుందన్నా" అన్నాడు. నేను వెళ్లి ఆ మొహం షాట్ తీసేశాను, దాని బదులు బీరువా తలుపు లోపలి నుంచి మూసుకోవడం పెట్టాను.

ప్రొడ్యూసర్ గారు చూసి "డబ్బంతా దెయ్యం మీదే పెట్టాం, అది కనబడకపోతే ఎట్లా?" అన్నారు. ఆయన బాధ ఆయనది. ఫైనల్ ట్రైలర్‌లో దెయ్యం నాలుగుసార్లు కనబడింది, ప్రతి కట్‌కూ ఒక ‘ఢాం’. పాప పాట కింద వయొలిన్లు, వాటి కింద డప్పులు. ముందు పది సెకన్లు సౌండ్ మీటర్ కిందే ఉంటే కదా తర్వాత పడే దెబ్బ దెబ్బలా వినబడేది, మొదటి నుంచీ ఎర్రగీత మీదే ఉంటే ఇంకెక్కడికి పెంచుతాం? 48 ఫ్రేములు కాస్తా ఆరు ఫ్రేములయ్యాయి. సినిమా ఒక వారం ఆడింది, ట్రైలర్ వల్లే పోయిందని అనను, సినిమా కూడా అలాంటిదే.

ఉలిక్కిపాటు వేరు, భయం వేరు. వెనక నుంచి ఎవరైనా "భౌ" అంటే ఉలిక్కిపడతాం, అది ఒంటికి సంబంధించింది. 2018లో ‘ది నన్’ సినిమాకు యూట్యూబ్‌లో ఒక చిన్న యాడ్ వేశారు. తెర మీద వాల్యూమ్ గుర్తు తగ్గుతున్నట్టు కనబడుతుంది, మన ఫోనే ఏదో అయిందనుకుని సౌండ్ పెంచుకుంటాం, అప్పుడు నన్ మొహం అరుస్తూ మీదికొస్తుంది. ఫిర్యాదులొస్తే యూట్యూబ్ దాన్ని తీసేసింది. ఐడియా గొప్పదే, కాదనను. నా దృష్టిలో అది చీటింగ్, ఎందుకంటే హారర్ చూస్తున్నానని ప్రేక్షకుడికి తెలియదు. భయపడటానికి ఒప్పుకుని కూర్చున్నవాణ్ని భయపెట్టడం కదా పని. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఒక థియేటర్‌లో ‘పీటర్ రాబిట్’ అనే పిల్లల సినిమాకు ముందు పొరపాటున ‘హెరిడిటరీ’ అనే హారర్ సినిమా ట్రైలర్ పడింది, తల్లిదండ్రులు పిల్లల కళ్లూ చెవులూ మూసి బయటికి పరిగెత్తారు. మన దగ్గర థియేటర్‌లో వేసే ట్రైలర్‌కు విడిగా సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి, అయినా ఏ సినిమా ముందు ఏది వేస్తారనేది వేసేవాళ్ల చేతిలో ఉంటుంది. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు కాస్త ఆలస్యంగా లోపలికెళ్లడమే మేలు.

అరుపుల గురించి ఒక్క మాట. చెవిలో గీరినట్టుండే, పగిలిపోయిన శబ్దాలు ఎందుకు పనిచేస్తాయో కాలిఫోర్నియా యూనివర్సిటీలో డేనియల్ బ్లమ్‌స్టీన్ అనే జీవశాస్త్రవేత్త చూశారు. ఆయన మార్మట్లనే ఉడుత జాతి జంతువుల మీద పనిచేస్తారు. వాటి పిల్లలను పట్టుకుంటే పెట్టే కేకలో ఉండే గరుకుతనం లాంటిదే సినిమా సౌండ్‌లోనూ ఉందా అని వెతికి 2010లో ఒక పేపర్ రాశారు, హారర్ సినిమాల్లో అలాంటివి దొరికాయి కూడా. పసిబిడ్డ గొంతు పోయేలా ఏడిస్తే ఎంత నిద్రలో ఉన్నా లేస్తాం కదా, అదే దారి. ఎడిట్ రూమ్‌లో మాకు ఇవేవీ తెలియవు, వయొలిన్‌ను సాగదీసి, పిచ్ విరిచి "ఇది బాగా గుచ్చుకుంటోంది" అనుకునేవాళ్లం.

ఇక సినిమాకు వెళ్తే ఎందుకు తుస్సుమంటుంది? ట్రైలర్‌లో పాప అరుపు ఒక సీన్‌లోది, ఆమె చూస్తున్న తలుపు ఇంకో సీన్‌లోది. మధ్యలో కట్ పెట్టేసరికి రెంటికీ సంబంధం మన బుర్రలో పుడుతుంది. మేం కట్ చేసినదాంట్లో పాప నిజానికి అరిచింది బొద్దింకను చూసి. సినిమాలో ఆ సంబంధం లేదు, పైగా దెయ్యం ఎవరు, ఎందుకు చనిపోయింది, ఎవరి మీద పగ అని ఫ్లాష్‌బ్యాక్ వేసి అన్నీ విడమర్చి చెబుతారు. కారణం తెలిసిన దెయ్యం మీద నాకైతే జాలే కలుగుతుంది. ట్రైలర్‌కు కారణం చెప్పాల్సిన పనిలేదు, టైటిల్ పడ్డాక ఇంకొక్క దెబ్బ కొట్టి వెళ్లిపోతుంది.

మీకు భయం తగ్గాలంటే మ్యూట్ చేసి చూడండి, సగం పైగా పోతుంది. అసలు పాప ఆడియో మాత్రం నా దగ్గరే ఉంది, పదో టేకు. మా అక్క కూతురు ఇప్పుడు ఇంటర్‌లో ఉంది, మొన్న సంక్రాంతికి వినిపించమంటే ఇయర్‌ఫోన్స్ పెట్టిచ్చాను. "గప్‌చిప్" దగ్గరికి వచ్చేసరికి ఒక చెవిలోది తీసేసి, "మామయ్యా, ఇది నేనేనా?" అంది.