పదిహేనేళ్లు నిండుతున్న ఆంధ్రా కారు బెంగళూరులో నడపవచ్చా?

ప్రశ్న: 2011లో అనంతపురంలో రిజిస్టరైన బీఎస్-3 పెట్రోలు కారు మాది. ఉద్యోగరీత్యా మూడేళ్లుగా బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. నాలుగు నెలల్లో ఆర్‌సీ గడువు ముగుస్తుంది. ఢిల్లీలో లాగే ఇక్కడ కూడా పాత కార్లను తిరగనివ్వరని, గ్రీన్ ట్యాక్స్ భారీగా పడుతుందని అంటున్నారు. కారు ఉంచుకోవచ్చా?

జవాబు: ఉంచుకోవచ్చు. పాత కార్లపై వయోపరిమితి జాతీయ హరిత ట్రిబ్యునల్, సుప్రీంకోర్టు ఉత్తర్వుల వల్ల ఢిల్లీ రాజధాని ప్రాంతానికి వచ్చినదే గాని కర్ణాటకకు వర్తించదు. బీఎస్ (భారత్ స్టేజ్) అనే పొగ కాలుష్య ప్రమాణాలు కారు తయారైన నాటికి కంపెనీ పాటించవలసినవి కాబట్టి, 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 అమల్లోకి వచ్చినా, అంతకు ముందే చట్టబద్ధంగా రిజిస్టరైన మీ కారును ఆ స్థాయికి మార్చుకోమని ఎవరూ అడగలేరు. మీరు లోబడవలసింది కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 115వ నియమానికి. దాని ప్రకారం బండి ఆగి ఇంజిన్ ఊరికే తిరుగుతూ (ఐడిల్‌లో) ఉండగా మీ కారు పొగలో కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్లు పది లక్షల భాగాల్లో 750 మించకూడదు.

పాత బండ్లపై కాలుష్యం పేరిట వేసే గ్రీన్ ట్యాక్స్ గురించి దిగులు అక్కర్లేదు. కర్ణాటకలో సొంత కారుకు రెన్యువల్ సమయంలో తీసుకునేది 500 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి పెరిగిన రెన్యువల్ ఫీజే 5,000 రూపాయలు.

మీరు అడగకపోయినా అసలు చిక్కు మరొకటి ఉంది. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం, ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. ముప్పై రోజులు దాటగానే లైఫ్ ట్యాక్స్ కట్టాలన్న కర్ణాటక సవరణను 2016లో ఆ రాష్ట్ర హైకోర్టు కొట్టివేసిన మాట నిజమే గాని, మూడేళ్లుగా ఇక్కడే ఉంటున్న మీకు ఆ తీర్పు రక్షణ ఇవ్వదు. అందువల్ల అనంతపురం ఆర్టీఓ కార్యాలయం నుంచి ఎన్‌ఓసీకి (నిరభ్యంతర పత్రానికి) ఇప్పుడే దరఖాస్తు చేయండి. కారు లోన్ ఎప్పుడో తీరిపోయినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉండిపోవడం తరచుగా జరుగుతుంది కనుక, ముందుగా దానిని తీయించుకోండి. ఎన్‌ఓసీ రాగానే బెంగళూరులో మీ ప్రాంతపు ఆర్టీఓ వద్ద కారు వయసును బట్టి తగ్గించి లెక్కగట్టే లైఫ్ ట్యాక్స్ చెల్లించి, నంబరు మార్పుకు, రెన్యువల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు.

గడువు దాటనివ్వవద్దని గట్టిగా చెబుతున్నాను. ఆలస్యమైన ప్రతి నెలకూ 500 రూపాయలు అదనంగా పడటం చిన్న విషయం. రిజిస్ట్రేషన్ చెల్లని బండి నడిపితే 192వ సెక్షన్ కింద మొదటిసారి 2,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా ఉంటుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇన్సూరెన్సులో ఉంది. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు తీరిన కారు చోరీకి గురైన కేసులో, పాలసీ అమల్లో ఉన్నప్పటికీ, కంపెనీ పరిహారం ఇవ్వనవసరం లేదని 2021లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

ఒకవేళ కర్ణాటక పన్ను, మరమ్మతులు కలిపి కారు అమ్మకపు ధరను మించేటట్లుంటే, ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ (తుక్కు చేసే) కేంద్రానికి ఇచ్చి, అలా ఇచ్చినట్లు ధ్రువీకరించే డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి. దానిపై కొత్త సొంత కారు పన్నులో 25 శాతం వరకు రాయితీకి కేంద్ర నియమాలు వీలు కల్పించాయి.