పాత జపాన్ పోస్టుకార్డులా? ముందు వెనక్కి తిప్పండి

వందేళ్ల నాటి జపాన్ బొమ్మల పోస్టుకార్డులు చూస్తే అప్పటి బతుకులు తెలుస్తాయా అని అడిగారు. తెలుస్తాయి, కానీ బొమ్మ చూస్తే కాదు. టోక్యోలో ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో గుళ్ల ఆవరణల్లో జరిగే పాత సామాన్ల సంతల్లో తిరుగుతుంటాను. ఆ ధైర్యంతోనే చెబుతున్నా.

బొమ్మలు నమ్మదగ్గవి కావు. 1923 సెప్టెంబరు 1న టోక్యో చుట్టుపక్కలున్న కాంతో ప్రాంతంలో భూకంపం వచ్చిన కొద్ది రోజులకే శిథిలాల ఫోటోలు కార్డులై అమ్మకానికి వచ్చేశాయి. కొన్నింటికి మంటలూ పొగా చాల్లేదనిపించిందేమో, ముద్రించినవాళ్లే గీసి కలిపారు. ఇప్పుడు మనవాళ్లు అవే వాట్సాప్‌లో ‘అరుదైన చిత్రం’ అని తిప్పుతుంటారు. పైగా ఏదో యాప్‌తో కొత్త రంగులొకటి!

ఓసారి టోక్యోలోని అసాకుసా పేటలో ఉండిన పన్నెండంతస్తుల మేడ బొమ్మ ఉన్న కార్డు దొరికింది. 1890లో కట్టిన ఆ మేడ పైభాగం ఆ భూకంపానికే కూలిపోయింది. నేను బొమ్మలోనే మునిగిపోయి ఉంటే, అమ్మే పెద్దాయన కార్డు లాక్కుని వెనక్కి తిప్పాడు. అడ్రసుకీ ఉత్తరానికీ మధ్య గీత మూడో వంతు దగ్గర ఉంది. 1907కి ముందు అడ్రసు వైపు ఉత్తరం రాయనిచ్చేవారు కాదు. ఆ ఏడాది ఉత్తరానికి మూడో వంతు చోటు ఇచ్చారు, 1918లో దాన్ని సగం దాకా పెంచారు. అంటే ఈ కార్డు ఆ మధ్య కాలంలో అచ్చయిందన్నమాట. తేదీ ఎక్కడా లేకపోయినా ఆ గీతే చెప్పేసింది. అంటించింది ఒకటిన్నర సెన్ స్టాంపు (సెన్ అంటే యెన్‌లో నూరో వంతు).

ఆ గొలుసుకట్టు రాత నాకు కొరుకుడు పడలేదు, ఆయనే చదివి పెట్టాడు. ఊళ్లో ఉన్న అక్కకి తమ్ముడు రాశాడు. గది దొరికిందట, అద్దె ఎక్కువేనట, చలి ముదరకముందే దూది కోటు పంపమన్నాడు. జపాన్‌లో తొలి ఎలక్ట్రిక్ లిఫ్ట్ పెట్టింది ఆ మేడలోనే. దాని ఊసే ఎత్తలేదు! కొత్తగా పట్నం చేరిన కుర్రాడికి కోటే ముఖ్యం. చరిత్ర పుస్తకాలకేమో లిఫ్టే కావాలి.

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు చాలామంది బొమ్మ వైపే స్కాన్ చేసి పెడతారు. వెనక ఫోటో అడిగితే విసుక్కుంటారు. అయినా అడగండి. అంతకన్నా ఘోరం స్టాంపులు పీకేయడం. స్టాంపుతో పాటు సగం పోస్టాఫీసు ముద్ర కూడా పోతుంది, ఊరూ తేదీ రెండూ గల్లంతు. మొన్న ఒకతని దగ్గర అలా బోడిచేసిన కార్డులు పెట్టెడు చూశాను. పీకిన స్టాంపులు ఆ పక్కనే కవర్లలో పెట్టి విడిగా అమ్ముతున్నాడు, కార్డు కంటే ఎక్కువ ధరకి.