నిర్మాణం అన్నది దేన్ని?

చిన్నమ్మాయికి,
పెద్దనాన్న దీవెనలు.

నీ థీసిస్ మూడో అధ్యాయం చదివాను. సామాజిక నిర్మాణవాదం మీద, అంటే మన జ్ఞానం సమాజం కట్టుకున్నదేననే వాదం మీద, అంత కోపం దేనికే? 'జ్ఞానమంతా సాపేక్షమే అయితే ఆ మాటా సాపేక్షమే కదా' అంటూ నాలుగు పేజీలు విరుచుకుపడ్డావు. ప్లేటో కాలంనాటి వాదన అది. గట్టిదే, కానీ ఎవరూ అంతగా పట్టుకు వేలాడని ముతక సాపేక్షవాదానికే తగులుతుంది. ఒక్క పేరాలో తేల్చెయ్.

'ఫలానాది సమాజం కట్టిందే' అని కనిపించిన ప్రతిచోటా ఆగి, ఏది అని అడుగు. వస్తువా, దాని గురించి మనకున్న భావనా, ఆ భావనకు దొరికిన ఆమోదమా? తత్వవేత్త ఇయాన్ హాకింగ్ 1999లో ఈ ప్రశ్ననే పుస్తకానికి పేరుగా పెట్టాడు. వస్తువే మన కట్టడమైన సందర్భాలు లేకపోలేదు. 2016 నవంబరు 8 రాత్రి ఒక్క ప్రకటనతో 500, 1000 నోట్లు చెల్లకుండా పోయాయి. మలేరియా క్రిమిని అలా రద్దు చేయమను చూద్దాం!

నీ ఉదాహరణలన్నీ యూరప్‌వే. బేగంపేట ఎందుకు గుర్తురాలేదు? 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టగోడ మీద మలేరియా క్రిమిని చూశాడు. అతను సైనిక వైద్యుడు. కంటోన్మెంటూ, సిపాయిల జ్వరాలూ లేకపోతే ఆ ప్రశ్న మీద అతనంతకాలం కూర్చునేవాడా అన్నది సమాజానికి సంబంధించిన సంగతి. 1902లో నోబెల్ రాస్‌కే దక్కింది. మనుషుల మలేరియాను మోసే దోమను తేల్చిన ఇటలీ శాస్త్రజ్ఞుడు గ్రాస్సీకి దక్కలేదు. రాస్ ప్రయోగాల కోసం డబ్బులు తీసుకుని దోమలతో కుట్టించుకున్న రోగి ఊసే లేదు. ఇవీ సమాజం లెక్కలే. దోమ పొట్టలో క్రిమి మాత్రం ఎవరి ఆమోదం కోసమూ ఆగలేదు. ఈ రెంటినీ ఒకే ఉదంతంలో విడదీసి చూపించు, అధ్యాయం నిలబడుతుంది.

విజ్ఞానశాస్త్రాన్ని సమాజ కోణంలో పరిశీలించిన డేవిడ్ బ్లూర్‌కి నువ్వు అన్యాయం చేశావు. నిజమని తేలిన నమ్మకాన్నీ, తప్పని తేలిన నమ్మకాన్నీ ఒకే తరహా కారణాలతో వివరించాలన్నాడు 1976లో. రెండూ సమానంగా నిజమనలేదు. చెడుగాలి వల్ల జ్వరమొస్తుందని తెలివైనవాళ్లు ఎందుకు నమ్మారో, తర్వాత దోమను ఎందుకు నమ్మారో రెండూ వివరించాలి. 'నిజం కనక నమ్మారు' అంటే వివరణ కాదు. అలాగని మైక్రోస్కోపులో కనిపించినదాన్ని ఆ వివరణలోంచి తీసేస్తే నేనూ ఒప్పుకోను. ప్రకృతి పాత్రను బ్లూరే కాదనలేదు.

సోకల్ ఉదంతం రెండు పేజీలు దండగ. 1996లో భౌతికశాస్త్రజ్ఞుడు అలన్ సోకల్ పరీక్షించడానికి కావాలని రాసి పంపిన అర్థంలేని వ్యాసాన్ని ఒక పత్రిక సంపాదకులు అచ్చేశారు. బయటపడింది వాళ్ల అజాగ్రత్త. దానివల్ల ఒక సిద్ధాంతం కూలిపోదు. ఫుట్‌నోట్‌లో పడెయ్.

తిరగరాశాక ప్రింటు తీసి పట్టుకురా. ఫోన్‌లో పీడీఎఫ్ చదవడం నా వల్ల కాదు.

పెద్దనాన్న
విద్యానగర్, హైదరాబాద్