పాఠకుల ప్రశ్నలు: పరాయి దేశస్థుడిపై పోలీసు దెబ్బ, దేశానికి మిగిలే పేరు

అమెరికాలో భారతీయులపై జరిగిన పోలీసు చర్యల గురించి గత సంచికలో వచ్చిన వ్యాసాన్ని చదివి పలువురు పాఠకులు ఉత్తరాలు రాశారు. వాటిలో నాలుగింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: కోడలి పురుడు కోసం వచ్చే నెల నేనూ, మావారూ అమెరికా వెళ్తున్నాం. ఇద్దరికీ ఇంగ్లిషు అంతంతమాత్రమే. అక్కడి పోలీసుల చేతిలో మనవాళ్లు దెబ్బలు తిన్న వార్తలు చదివినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. పరాయి మనిషిని కొడితే తమ దేశం పేరు పాడవుతుందన్న భయం ఆ పోలీసులకు ఉండదా?
– ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ భయం అకారణమైనది కాదు. 2015 ఫిబ్రవరి 6న అలబామా రాష్ట్రంలోని మాడిసన్ పట్టణంలో జరిగిన ఘటన అచ్చం మీలాంటి కుటుంబంలోనిదే. మనవడిని చూసుకోవడానికి గుజరాత్ నుంచి కొడుకు ఇంటికి వెళ్లిన 57 ఏళ్ల పెద్దాయన ఒకరు ఉదయం పూట ఆ వీధిలోనే నడుస్తున్నారు. ఎవరో అనుమానాస్పద వ్యక్తి తిరుగుతున్నాడని పక్కింటివారు ఫోన్ చేయడంతో పోలీసులు వచ్చి ఆపారు. ఆయన తనకు ఇంగ్లిషు రాదని, తనది ఇండియా అని మాత్రమే చెప్పగలిగారు. కొద్దిసేపట్లోనే ఒక అధికారి ఆయనను నేలకేసి కొట్టాడు. వెన్నెముకకు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది, శరీరం పాక్షికంగా చచ్చుబడింది. ఇదంతా పోలీసు వాహనానికి అమర్చిన కెమెరాలో రికార్డయింది.

ఆ నిమిషంలో ఆ అధికారి మనసులో అమెరికా ప్రతిష్ఠ అన్న ఆలోచన ఉండి ఉంటుందని నేను అనుకోను. వీధిలో నిలబడిన పోలీసుకు ఎదురుగా ఉన్న మనిషి, తనకు అందిన ఫోన్ సమాచారం, తనకు ఇచ్చిన శిక్షణ తప్ప మరేదీ గుర్తుకు రాదు. దేశం పరువు గురించిన చింత పై అధికారులకు, ప్రభుత్వానికి తర్వాత మొదలవుతుంది. మాడిసన్‌లో వారం తిరగకముందే పోలీసు అధిపతి ఆ వీడియోను బయటపెట్టి క్షమాపణ చెప్పారు. రాష్ట్ర గవర్నర్ రాబర్ట్ బెంట్లీ అట్లాంటాలోని భారత కాన్సుల్ జనరల్‌కు విచారం వ్యక్తం చేస్తూ లేఖ రాశారు. అయితే కోర్టులో రెండుసార్లు జ్యూరీ (తీర్పు చెప్పే సామాన్య పౌరుల బృందం) సభ్యుల మధ్య ఏకాభిప్రాయం కుదరలేదు. 2016 జనవరిలో న్యాయమూర్తి ఆ అధికారిని నిర్దోషిగా విడిచిపెట్టారు. ప్రపంచానికి చెప్పిన క్షమాపణ ఒక దారిన, ఇంటి లోపల వచ్చిన తీర్పు మరో దారిన వెళ్లాయి. అందుకే ఆ క్షమాపణను నేను మెచ్చుకుంటాను గానీ, దానితో లెక్క సరిపోయిందని ఒప్పుకోను.

మీ ప్రయాణం సంగతికి వస్తే, అబ్బాయి పేరు, ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, మీకు ఇంగ్లిషు రాదన్న మాట ఇంగ్లిషులో రాయించిన కాగితాన్ని, పాస్‌పోర్టు నకలును బయటికి వెళ్లేటప్పుడు దగ్గర ఉంచుకోండి. పోలీసు ఆపితే చేతులు కనిపించేలా ఉంచి కదలకుండా నిలబడండి. కాగితం తీయడానికైనా సరే, జేబులోకో సంచిలోకో ఒక్కసారిగా చేయి పోనివ్వకండి. ముందు సైగతో అడిగి ఆ తర్వాతే తీయండి.

ప్రశ్న: పోలీసు శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఎదుటివాడి చేతిలో ఏముందో తెలియని స్థితిలో క్షణంలో నిర్ణయం తీసుకోవలసి వస్తుంది. ఇంట్లో కూర్చుని వీడియో చూసినవాళ్లు ఆ ఒక్క క్షణాన్ని బట్టి ఒక దేశాన్నే దోషిగా నిలబెట్టడం న్యాయమేనా?
– రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్, కరీంనగర్

జవాబు: క్షణం గురించి మీరు చెప్పినదానిలో నిజం ఉంది, అనుభవం ఉన్నవారి మాటగా దానిని గౌరవిస్తాను. కానీ ఇలాంటి ఘటనల్లో దేశాలకు చెడ్డపేరు తెచ్చినది చాలాసార్లు ఆ క్షణం కాదు, ఆ తర్వాత తీరికగా కూర్చుని తయారుచేసిన ప్రకటన.

2007 అక్టోబరులో కెనడాలోని వాంకూవర్ విమానాశ్రయంలో జరిగినది చూడండి. తల్లి దగ్గర స్థిరపడడానికి పోలండ్ నుంచి వచ్చిన 40 ఏళ్ల వ్యక్తికి పోలిష్ తప్ప మరో భాష రాదు. దిగినప్పటి నుంచి సుమారు పది గంటలపాటు లోపలి హాల్లోనే ఎటు వెళ్లాలో తెలియక తిరిగాడు. బయట ఎదురుచూసిన తల్లి, కొడుకు రాలేదనుకుని ఊరికి వెళ్లిపోయింది. అలసిపోయి, అయోమయంలో కుర్చీలూ వస్తువులూ విసురుతున్న అతని దగ్గరికి నలుగురు పోలీసులు వచ్చారు. వచ్చిన అర నిమిషంలోపే టేజర్‌తో విద్యుత్ షాక్ ఇవ్వడం మొదలుపెట్టి మొత్తం ఐదుసార్లు ప్రయోగించారు. అప్పుడు అతని చేతిలో ఉన్నది కాగితాలకు పిన్నులు కొట్టే స్టేప్లర్. అతను అక్కడికక్కడే చనిపోయాడు. పోలీసులు మొదట ఇచ్చిన వివరణ ఒకలా ఉంది. అక్కడే ఉన్న ఒక ప్రయాణికుడు తీసిన వీడియో మరోలా చూపించింది. ఆ వీడియోను పోలీసులు తీసుకుంటే, తిరిగి పొందడానికి అతను న్యాయపోరాటానికి సిద్ధపడవలసి వచ్చింది.

విశ్రాంత న్యాయమూర్తి థామస్ బ్రెయిడ్‌వుడ్ నడిపిన బహిరంగ విచారణ 2010లో ఇచ్చిన నివేదిక, టేజర్ వాడకం సమర్థనీయం కాదని తేల్చింది. చివరకు నలుగురిలో ఇద్దరికి జైలు శిక్ష పడింది. ఆ శిక్ష టేజర్ ప్రయోగించినందుకు పడలేదు, విచారణ ముందు ప్రమాణం చేసి అబద్ధం చెప్పినందుకు పడింది. మీరు అడిగిన క్షణాన్ని అక్కడి న్యాయవ్యవస్థ ఆ మేరకు మన్నించింది, తర్వాతి అబద్ధాన్ని మన్నించలేదు.

లండన్‌లోనూ ఇదే వరుస. 2005 జులై 22న, నగరంలో బాంబు దాడుల భయం రగులుతున్న రోజుల్లో, స్టాక్‌వెల్ భూగర్భ రైల్వే స్టేషన్‌లో 27 ఏళ్ల బ్రెజిల్ ఎలక్ట్రీషియన్‌ను ఆత్మాహుతి దాడికి వచ్చినవాడని పొరబడి కాల్చి చంపారు. అతను దళసరి కోటు వేసుకున్నాడని, టికెట్ గేటు దూకి పారిపోయాడని మొదట ప్రచారమైన మాటలు నిజం కావని తర్వాత తేలింది. లండన్ పోలీసు శాఖకు 1,75,000 పౌండ్ల జరిమానా పడింది గానీ, ఏ ఒక్క అధికారికీ వ్యక్తిగతంగా శిక్ష పడలేదు. బ్రెజిల్‌లో ఆ కుటుంబాన్ని ఎక్కువ బాధించినది పొరపాటా, పొరపాటును కప్పిపుచ్చడానికి చనిపోయినవాడి నడతపై వేసిన మచ్చా అని ఎవరైనా అడిగితే, నేను రెండోదే అంటాను.

మీ శాఖలో ఇప్పుడు పనిచేస్తున్నవారికి మీ మాటమీద గురి ఉంటుంది. తొందరపాటు జరిగితే ఠాణాలో రోజువారీ సంగతులు నమోదుచేసే జనరల్ డైరీలో ఉన్నది ఉన్నట్టు రాయమని వారికి మీరే చెప్పాలి.

ప్రశ్న: ఇరవై ఏళ్లు గల్ఫ్‌లో ఉండి వచ్చాను. విదేశీయుడి మీద దెబ్బ పడితేనే దేశం పరువు అని గగ్గోలు పెడతారు. మన ఠాణాల్లో మన పేదవాణ్ణి కొడితే పరువు పోదా? దిశ కేసులో ఎన్‌కౌంటర్ చేసిన పోలీసులపై పూలు చల్లినవాళ్లం, అమెరికాను అడిగే నోరు మనకెక్కడిది?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: పరువు పోతుంది. అది మాటల్లోనే కాదు, కోర్టు తీర్పుల్లో నమోదవుతోంది కూడా. మన పత్రికలు ఈ విషయాన్ని తగినంతగా చెప్పడం లేదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

1995 డిసెంబరులో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లాలో ఒక విమానం ఆకాశం నుంచి ఆయుధాలు జారవిడిచింది. ఆ కేసులో ప్రధాన నిందితుడు డెన్మార్క్ దేశస్థుడు. అతన్ని అప్పగించమని భారత ప్రభుత్వం ఏళ్ల తరబడి కోరగా డెన్మార్క్ ప్రభుత్వం 2010లో అంగీకరించింది కూడా. అయితే అక్కడి న్యాయస్థానాలు ఒప్పుకోలేదు. భారతదేశంలో అతను చిత్రహింసలకు గురయ్యే ప్రమాదం ఉందన్నది వారు చెప్పిన కారణం. 2011లో పై కోర్టు ఆ మాటే ఖాయం చేసింది, 2024లో మరోసారి విచారించిన కోర్టూ అప్పగింతను నిరాకరించింది. ఆయుధాల వ్యాపారి సంజయ్ భండారీ విషయంలో లండన్ హైకోర్టు 2025 ఫిబ్రవరిలో ఇదే దారి పట్టింది. తిహార్ జైల్లో అతనికి బెదిరింపులు, హింస ఎదురయ్యే ప్రమాదం ఉందన్నది ఆ తీర్పులోని ముఖ్యమైన మాట.

ఈ కేసుల్లో ఆ కోర్టులు మనం విదేశీ పర్యాటకులను ఎంత ఆదరంగా చూస్తామన్నది లెక్కలోకి తీసుకోలేదు. మన లాకప్‌లో, మన జైల్లో మనవాళ్లే ఎలాంటి స్థితిలో ఉంటున్నారో చూసి నిర్ణయించాయి. ఎవరూ పట్టించుకోని ఒక కూలీ ఒంటిమీద పడిన లాఠీ దెబ్బ ఇన్నేళ్ల తర్వాత ఒక పెద్ద కేసులోని నిందితుడికి రక్షణ కవచమైంది. ఇది ఎంత అన్యాయమో మీరే ఆలోచించండి.

చిత్రహింసలకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి చేసిన ఒడంబడికపై భారత్ 1997లోనే సంతకం చేసింది, కానీ నేటికీ ఆమోదముద్ర వేయలేదు. అందుకు అవసరమైన బిల్లు 2010లో లోక్‌సభలో నెగ్గి, రాజ్యసభ సెలెక్ట్ కమిటీకి వెళ్లి, చివరకు మురిగిపోయింది. 2017లో లా కమిషన్ తన 273వ నివేదికలో కొత్త ముసాయిదా ఇచ్చి ఆమోదించమని సిఫారసు చేసినా కదలిక లేదు.

దిశ కేసు విషయంలో మీ మాట మన తెలంగాణవారందరికీ తగులుతుంది, తగలాలి. 2019 డిసెంబరు 6న నలుగురు నిందితులు చనిపోయినప్పుడు పోలీసులపై పూలు చల్లిన దృశ్యం దేశదేశాల టీవీల్లో వచ్చింది. ఆ అమ్మాయికి జరిగిన ఘోరం చూసి కడుపు మండినవారి కోపాన్ని నేను తప్పుపట్టను. అయినా సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ విచారణ జరిపి, చంపాలన్న ఉద్దేశంతోనే పోలీసులు కాల్చారని, పదిమంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరగాలని చెప్పింది. 2022లో వెలుగు చూసిన ఆ నివేదిక గురించి ఆ పూలు చల్లినంత మందీ మాట్లాడలేదు. ఇక అమెరికాను అడిగే నోరు గురించి: ఆ నోరు మనకు ఉండాలి. గల్ఫ్‌లో మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ కూలీలపై చేయి పడినప్పుడు మన రాయబార కార్యాలయం గట్టిగా మాట్లాడగలగాలంటే, మన దేశంలో విచారణలు నిజంగా జరుగుతున్నాయని చూపించగలగాలి.

ప్రశ్న: వరంగల్‌లో చదువుకుంటున్నాను. నా క్లాసులో ఆఫ్రికా నుంచి వచ్చిన మిత్రుడు ఉన్నాడు. 2021లో బెంగళూరు పోలీసు కస్టడీలో కాంగో దేశస్థుడు చనిపోయిన వార్త గుర్తుచేసి, తనను పోలీసులు పట్టుకుంటే ఏం చేయాలని అడుగుతున్నాడు. మన చట్టం అతనికి వర్తిస్తుందా?
– ఒక విద్యార్థి, కాజీపేట

జవాబు: వర్తిస్తుంది. రాజ్యాంగంలోని 14, 21 అధికరణలు పౌరులకు మాత్రమే కాక ఈ నేలమీద ఉన్న ప్రతి వ్యక్తికీ రక్షణ ఇస్తాయి. హౌరా స్టేషన్‌లో రైల్వే వసతి గృహంలో సామూహిక అత్యాచారానికి గురైన బంగ్లాదేశ్ మహిళ కేసులో 2000లో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టంచేసి 10 లక్షల రూపాయల పరిహారాన్ని ఖాయం చేసింది.

అరెస్టు చేస్తే ఎందుకు చేస్తున్నారో అతనికి అర్థమయ్యే భాషలో చెప్పమని అడగాలి. అరెస్టు, విచారణ పద్ధతులను చెప్పే చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 47వ సెక్షన్ ప్రకారం కారణం చెప్పాలి. 48 ప్రకారం అతను చెప్పిన బంధువుకో మిత్రుడికో కబురు చేయాలి, ఆ మిత్రుడు నువ్వే కావచ్చు. పారిపోకుండా ఆపడానికి అవసరమైనదానికి మించి కట్టడి చేయకూడదని 46 చెబుతోంది. 53 ప్రకారం అరెస్టయిన వెంటనే వైద్య పరీక్ష జరగాలి. ఒంటిమీద దెబ్బలుంటే డాక్టరుకు చూపించి రాయించుకోవాలి, ఎందుకంటే తర్వాత కోర్టులో నిలిచేది ఆ కాగితమే. ఇరవైనాలుగు గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచకపోతే అది చట్టవిరుద్ధం.

విదేశీయుడికి వీటన్నింటితోపాటు మరొక హక్కు ఉంది. 1963 వియన్నా ఒడంబడిక 36వ అధికరణ ప్రకారం, అతను కోరితే అతని దేశపు రాయబార కార్యాలయానికి ఆలస్యం లేకుండా తెలియజేయాలి. పాకిస్తాన్ నిర్బంధించిన భారతీయుడు కులభూషణ్ జాదవ్ కేసులో 2019లో అంతర్జాతీయ న్యాయస్థానంలో పాకిస్తాన్‌పై భారత్ గెలిచింది ఈ అధికరణ ఆధారంగానే. స్టేషన్‌లో ఎవరైనా ఇదేమి నియమం అంటే, జాదవ్ పేరు చెబితే చాలావరకు అర్థమవుతుంది. చాలా ఆఫ్రికా దేశాల రాయబార కార్యాలయాలు ఢిల్లీలోనే ఉన్నాయి కాబట్టి, ఆ ఫోన్ నంబరును, కళాశాలలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి నంబరును నీ ఫోన్‌లోనూ, అతని ఫోన్‌లోనూ ఇవాళే రాసిపెట్టుకోండి.