ఊరి గ్రంథాలయానికి దాతలు తర్వాత, ముందు ఇంటి పన్ను రసీదు తీయండి

అడిగిన ప్రశ్న ఇది: "మాది నల్గొండ జిల్లాలో చిన్న ఊరు. బడిలో చదివే పుస్తకాలు లేవు, గ్రంథాలయం గది మూతపడి ఏళ్లయింది. అమెరికాలో ఉన్న మా ఊరివాళ్లను విరాళం ఎలా అడగాలి? ఉత్తరం ఎలా రాస్తే బాగుంటుంది?"

ఉత్తరం నిదానంగా రాయొచ్చు. ముందు ఇంట్లో బీరువాలోనో, పాత పాసుపుస్తకాల మధ్యనో ఉన్న ఇంటి పన్ను రసీదు బయటికి తీయండి. ఇంటి పన్ను, నీటి పన్ను, వీధి దీపాలు అని వరసగా ఉన్న గడుల్లో గ్రంథాలయ పన్ను అని ఒకటి కనిపిస్తుంది. ఇంటి పన్ను 500 రూపాయలైతే ఆ గడిలో 40 ఉంటుంది. రూపాయికి 8 పైసలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం వసూలు చేసే పన్ను ఇది. రాష్ట్రం విడిపోయాక కూడా తెలంగాణలో అదే నడుస్తోంది. అంటే మీ ఊళ్లో గ్రంథాలయం మూతపడిందేమో గానీ, దాని పేర డబ్బు కట్టడం ఒక్క ఏడాది కూడా ఆగలేదు. విరాళం ఇస్తున్నది అమెరికావాళ్లు కాదు, మీరే.

లెక్క వేసి చూడండి. 800 ఇళ్లున్న ఊరు, సగటున ఇంటికి 500 పన్ను అనుకుందాం. మొత్తం 4 లక్షలు. అందులో గ్రంథాలయం వాటా 32 వేలు. ముప్పావు వంతే వసూలైందనుకున్నా ఏడాదికి 24 వేలు, పదేళ్లకు 2 లక్షల 40 వేలు. రోజూ రెండు తెలుగు పేపర్లు వేయించడానికి, ఒక్కోటి 7 రూపాయలనుకున్నా, ఏడాదికి 5 వేల చిల్లర అవుతుంది. ఆ పేపర్లు కూడా రాని ఊళ్లు ఎన్నో మీకూ తెలుసు.

పంచాయతీ ఆఫీసుకు పోయి దీని గురించి అడిగితే ఏం జరుగుతుందో ముందే చెప్తా. ఊరు మారినా తంతు మారదు. పన్ను వసూలు చేసే కారోబార్ రసీదు బుక్కు మీంచి తలెత్తుతాడు.

"గ్రంథాలయ పన్నా? అది పైకి పోతది అన్నా."

"పైకంటే యాడికి?"

"పైకే. సెక్రటరీ సారుకు ఎర్క."

పంచాయతీ సెక్రటరీ సారుకు పక్క ఊరు కూడా ఇన్‌చార్జి, ఆ పూట అక్కడుంటాడు. మర్నాడు దొరికితే మర్యాదగానే చెప్తాడు: "అది మన ఫండు కాదండీ, వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలి." నిజమే, చట్టం అదే అంటుంది. మరి కట్టారా అంటే "పెండింగ్ ఉంది" అంటాడు. నూటికి తొంభై మంది ఇక్కడే దండం పెట్టి ఇంటికొస్తారు. అసలు పని మొదలయ్యేదే ఇక్కడ. "ఎంత పెండింగు, ఏ సంవత్సరం నుంచి?" అని అడగాలి. అప్పుడు డీసీబీ రిజిస్టరు బల్ల మీదికి రావాలి. డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్, మూడూ అందులో ఉంటాయి. ఇంటి పన్ను గడి కింద మొత్తం వేసి, గ్రంథాలయం గడి కింద మొత్తం వేయకుండా ఖాళీగా వదిలేసి ఉంటే, మీకు దొరకాల్సిన తీగ దొరికినట్టే. మొత్తం వేయని డబ్బు ఎవరికీ బాకీ ఉన్నట్టు కనిపించదు.

ఇందులో సెక్రటరీ ఒక్కడినే దొంగను చేయకండి. వసూలైన పన్నులన్నీ ఒకే ఖాతాలో పడతాయి. కరెంటు బిల్లు, ట్రాక్టరు డీజిలు, సఫాయి కార్మికుల జీతాలు ముందు నిలబడి ఉంటాయి, గ్రంథాలయం వెనక నిలబడుతుంది. అడిగేవాడు లేనివాడి వాటా ముందు ఖర్చవుతుంది. ఒకవేళ చెక్కు రాసినా ట్రెజరీలో నెలల తరబడి ఆగిపోవచ్చు. మున్సిపాలిటీల్లోనూ ఇదే కథ, అంకెలు మాత్రం పెద్దవి.

నోటి మాటలతో లాభం లేదు, సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామస్థాయిలో దీనికి ఫీజు లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, పైన 10. తెల్ల కాగితం మీద చేత్తో రాసినా చాలు. "గ్రంథాలయ పన్ను వివరాలు ఇవ్వండి" అని రాస్తే "వర్తించదు" అని ఒక్క ముక్కలో జవాబొస్తుంది. అందుకని గత 5 ఆర్థిక సంవత్సరాలకు, ఏడాది వారీగా, గ్రంథాలయ పన్ను డిమాండ్ ఎంత, వసూలు ఎంత, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేసింది ఎంత, చెక్కు నంబరు, తేదీ ఏమిటి అని అడగండి. డీసీబీ రిజిస్టరులో చివరి పేజీల నకళ్లు కూడా. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం అయిపోయాక ప్రత్యేక అధికారులు నడిపిన కాలానికి లెక్క విడిగా అడగండి. ఆ కాలం గురించి అడిగితే "అప్పుడు మేం లేము" అని పాత సర్పంచూ కొత్త సర్పంచూ ఇద్దరూ తప్పుకుంటారు.

అదే రోజు రెండో దరఖాస్తు జిల్లా గ్రంథాలయ సంస్థకు, 10 రూపాయల కోర్టు ఫీ స్టాంపో పోస్టల్ ఆర్డరో జతచేసి పంపండి. ఫలానా పంచాయతీ నుంచి ఏ ఏడాది ఎంత జమ అయింది, అంతే. రెండు జవాబులూ పక్కపక్కన పెడితే తేడా తనంతట తనే మాట్లాడుతుంది. జిల్లా పేరు జాగ్రత్త. 2016 అక్టోబరులో నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, ఆ తర్వాత 2019లో నారాయణపేట. పాత జిల్లా పేరుకు రాస్తే కాగితం తిరగడానికే నెల పడుతుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఇంకో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి. ఇది మర్చిపోయి మళ్లీ కొత్త దరఖాస్తు పెట్టేవాళ్లే ఎక్కువ.

కాగితాలు చేతికొచ్చాక గ్రామసభ. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి జరగాలి. అక్కడ రెండు తీర్మానాలు రాయించండి: బకాయి విడతల్లో సంస్థకు కట్టాలి, సంస్థ మన ఊళ్లో శాఖను తెరవాలి, లేదంటే కనీసం పుస్తక నిక్షేప కేంద్రమైనా (సంస్థ తన పుస్తకాలు కొన్ని ఉంచే చోటు) ఇవ్వాలి. ఒకటి మాత్రం ముందే తెలిసి ఉండండి. మీరు కట్టిన 24 వేలు 24 వేలుగా మీ ఊరికి తిరిగి రావు. సంస్థ ఆ నిధిని జిల్లా మొత్తానికి ఖర్చు పెడుతుంది. అయినా "మేం ఇంత కట్టాం, ఇదిగో చెక్కు నంబరు" అని అడిగే ఊరికీ, "దయచేసి పుస్తకాలు ఇప్పించగలరు" అని అడిగే ఊరికీ కుర్చీ వేసే తీరులోనే తేడా ఉంటుంది.

దాతల మాట వింటే నాకెందుకు చిరాకో చెప్తా. నిజాం కాలంలో ఇక్కడ తెలుగు గ్రంథాలయం పెట్టడమంటే చందా ఎత్తి పెట్టడమే. సర్కారు అనుమానంగా చూసేది, గష్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు కింద సభ పెట్టుకోవాలన్నా అనుమతి కావాల్సి వచ్చేది. ఆ రోజుల్లో 1922లో నల్గొండ నుంచి నీలగిరి పత్రిక నడిపారు, 1931లో దేవరకొండలో ఆంధ్ర మహాసభ జరిపారు. జేబులోంచి ఇవ్వడం తప్ప వాళ్లకు ఇంకో దారి లేదు. తర్వాత 1955లో హైదరాబాద్ రాష్ట్రానికి గ్రంథాలయాల చట్టం, 1960లో మొత్తం ఆంధ్రప్రదేశ్‌కు చట్టం వచ్చాయి. గ్రంథాలయం ఎవరి దయో కాదు, పన్ను కట్టినందుకు మనకు రావాల్సింది అని దాని అర్థం. అరవై ఏళ్లు దాటాక మళ్లీ చందా పుస్తకం పట్టుకోవడం ఏమిటి?

పైగా దాతల పుస్తకాలు ఎలా ఉంటాయో చూశారా? సిలబస్ మారిన ఇంటర్ గైడ్లు, పాత వారపత్రికలు, ఎవరో పంచిపెట్టగా మిగిలిన వ్యక్తిత్వ వికాసం. నాలుగో తరగతి పిల్ల చదవగలిగేది పదింట ఒకటి ఉండదు. ఫ్లెక్సీ మాత్రం పుస్తకాల కన్నా పెద్దది.

గది గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువగా పారబోసేది అక్కడే. కొత్త గది కట్టకండి. పిల్లలు తగ్గి ఖాళీ పడ్డ తరగతి గది చాలా బళ్లలో ఉంది. 2020లో రాష్ట్రమంతా 2,601 రైతు వేదికలు కట్టారు, ఒక్కోటి 22 లక్షలతో. మీటింగు ఉన్న రోజు తప్ప తాళమే. మీ క్లస్టరు వేదిక మీ ఊళ్లోనే ఉంటే తాళం చెవి ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గర ఉంటుంది, సాయంత్రం మూడు గంటలు అడిగి చూడండి. గది కన్నా ముఖ్యం వేళ. బడి వదిలాక, 5 నుంచి 8 దాకా తెరవాలి. పగలు 11కు తెరిచి 4కు మూసే గ్రంథాలయం పిల్లలకూ కూలికి పోయేవాళ్లకూ పనికిరాదు. ఇంకో మాట, తాళం చెవి హైదరాబాద్ నుంచి అప్ అండ్ డౌన్ చేసే సారు దగ్గర ఉండకూడదు. ఆయన బస్సు 4.30కే.

రాక్‌లు గోడకు ఆనించొద్దు, బెత్తెడు ఎడం ఉండాలి. అన్నిటికన్నా కింది అర నేలకు కనీసం అరడుగు ఎత్తులో. చెదలు గోడ లోపలి నుంచి కనపడకుండా వస్తాయి. ఎడం ఉంటే మట్టి గీత కంటికి కనిపిస్తుంది, గీసేయొచ్చు. కర్ర రాక్ అయితే కాళ్ల కింద పాత ఇంజిన్ ఆయిల్ పోసిన డబ్బా మూతలు పెట్టండి. వానాకాలంలో పుస్తకాలు బిగించి పేరిస్తే బూజు పడుతుంది, వేలు దూరేంత వదులుండాలి. కలరా ఉండలు వేస్తే పురుగు రాదు గానీ పిల్లలు తినే ప్రమాదం ఉంది, వేపాకు ఎండబెట్టి వేయండి, మూడు నెలలకోసారి మార్చండి. అసలు మందు మాత్రం ఒకటే: పుస్తకాన్ని రోజూ ఎవరో ఒకరు కదిలించడం. తాళం వేసిన ఇనుప బీరువాలో పుస్తకం భద్రంగా ఉంటుందనుకోవడం భ్రమ.

మొదట 300 పుస్తకాలు చాలు. సగటున 60 రూపాయలైతే 18 వేలు. నేషనల్ బుక్ ట్రస్ట్, మంచి పుస్తకం లాంటి ప్రచురణ సంస్థల దగ్గర పిల్లల పుస్తకాలు ఈ ధరల్లో దొరుకుతాయి. సగం బొమ్మల పుస్తకాలే తీసుకోండి. ఏడాదికి పదో వంతు పోతాయని, చిరుగుతాయని ముందే లెక్కలో రాసుకోండి. పోతాయన్న భయంతో ఇవ్వకపోతే తెరిచిన లాభమే లేదు.

బడి డబ్బు సంగతి వేరు. సమగ్ర శిక్ష అనే బడుల పథకం కింద 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 25 వేల వరకు గ్రాంటు ఉంటుంది, 101 నుంచి 250 అయితే 50 వేల వరకు. కనీసం పదో వంతు శుభ్రతకు పోవాలి. గ్రంథాలయానికి ప్రాథమిక బడికి విడిగా 5 వేల వరకు ఉన్నా, చాలాసార్లు డబ్బుగా కాక పుస్తకాల కట్టలుగా దిగుతుంది, హైదరాబాద్‌లో ఎవరో ఎంచినవి. ఆ కట్టలు విప్పారో లేదో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో ఉన్న తల్లుల్ని పోయి చూసి రమ్మనండి. వాళ్లకు ఆ హక్కుంది.

మీరు అడగకపోయినా ఇంకొకటి. పుస్తకాలొక్కటే పెడితే ఊరు రాదు. మన దగ్గర కథ చెవితో వినే అలవాటు పాతది. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట నుంచి వచ్చిన కిన్నెర వాయిద్యకారుడు మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. తర్వాత కూడా ఆయన కూలి పని చేస్తున్నారన్న వార్త 2024లో అందరూ చదివారు. కళకు డబ్బంటే మనవాళ్లకు సన్మానం, శాలువా, ఒక్కసారి ఇచ్చే చెక్కు. నెలనెలా పిలిచి పాడించుకునే పద్ధతి లేకపోతే కోటి ఇచ్చినా కిన్నెర మెట్లు లెక్కపెట్టే పిల్లాడు తయారు కాడు. 2020 విద్యా విధానం 6 నుంచి 8 తరగతులకు సంచీ లేని పది రోజులు పెట్టమంది, స్థానిక చేతిపనివాళ్లను, కళాకారులను పిలవొచ్చంది. హెడ్‌మాస్టరును ఆ పది రోజుల్లో రెండు అడగండి. ఒకరోజు ఒగ్గు కథ, ఒకరోజు కిన్నెర. ఇద్దరు మనుషులకు పూటకు 3 వేలకు తక్కువ ఇవ్వొద్దు, బస్సు ఛార్జీ వేరే, భోజనం బడిలో పిల్లలతో. అమెరికావాళ్లకు ఉత్తరం రాయాలనే ఉంటే దీనికి రాయండి, దీనికి ఏ పన్నూ లేదు.

ఇక దరఖాస్తు ఎప్పుడు పెట్టాలన్నది. ఫిబ్రవరి, మార్చిలో పెట్టకండి, వసూళ్ల ఒత్తిడిలో ఎవరూ తల ఎత్తరు. మార్చి 31న లెక్క ముగుస్తుంది కాబట్టి ఏప్రిల్ రెండో వారంలో పెట్టండి, ఏడాది మొత్తం అంకె ఒక్కచోట దొరుకుతుంది. నకళ్లకు పేజీకి 2 రూపాయలు, చిల్లర వెంట తీసుకుపోండి.