సమాధానం: గెస్టులో 1 జీబీ పేజీలు ఎందుకు రావడం లేదంటే

రాజాం ల్యాబ్ సర్వర్లో ప్రాసెసర్‌కి 1 జీబీ పేజీలు (మెమరీని ఒక్కోటి 1 జీబీ ఉండే పెద్ద ముక్కలుగా వాడుకునే సదుపాయం) ఉన్నా, కేవీఎం (లినక్స్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే వ్యవస్థ) గెస్టు, అంటే అందులో నడిచే వర్చువల్ మెషీన్, బూట్‌లో ఆ సైజుకి సపోర్టు లేదంటోందని రాశారు కదండీ. మీ కెర్నెల్ తప్పేం లేదు. గెస్టుకి డిఫాల్ట్ సీపీయూ మోడల్ ఇచ్చారు, అందులో 1 జీబీ పేజీలున్నాయని చెప్పే పీడీపీఈ1జీబీ (pdpe1gb) ఫ్లాగ్ ఉండదు.

ముందు హోస్టులో, అంటే అసలు సర్వర్లో, సీపీయూఇన్ఫో (/proc/cpuinfo) ఫైల్లో ఆ ఫ్లాగ్ ఉందో లేదో చూడండి. ఉంటే విర్ష్ ఎడిట్ (virsh edit) కమాండ్‌తో గెస్టు సెట్టింగులుండే ఎక్స్ఎంఎల్ ఫైల్ తెరిచి సీపీయూ మోడ్‌ని హోస్ట్-పాస్‌త్రూ (హోస్టు ప్రాసెసర్‌నే గెస్టుకి చూపించే మోడ్) చేయండి. తర్వాత గెస్టుని పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ స్టార్ట్ చేయాలి. లోపలి నుంచి రీబూట్ కొడితే పాత సీపీయూయే ఉండిపోతుంది. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు.

వేరే ప్రాసెసరున్న సర్వర్‌కి లైవ్ మైగ్రేషన్ (నడుస్తున్న గెస్టుని ఆపకుండా తరలించడం) చేసే ఆలోచనుంటే మాత్రం పాస్‌త్రూ వద్దండీ. రెండింటికీ సరిపడే మోడల్ పెట్టి, ఈ ఒక్క ఫీచర్‌నీ రిక్వైర్ (తప్పనిసరి) పాలసీతో కలపండి.

ఫ్లాగ్ వచ్చినంత మాత్రాన పని సగమే. హోస్టు ఆ మెమరీని 4 కేబీ ముక్కల్లో ఇస్తుంటే లాభం తక్కువ. గెస్టు, హోస్టు రెండువైపులా అడ్రసులు వెతికే పేజీ టేబుళ్లు నాలుగంచెలయితే ఒక్క టీఎల్‌బీ (ఇటీవల వెతికిన అడ్రసులు దాచుకునే ప్రాసెసర్ క్యాష్) మిస్‌కి 24 మెమరీ రీడ్‌ల వరకూ పడతాయి. రెండువైపులా 1 జీబీ పేజీలైతే 8 చాలు. అందుకే 16 జీబీ గెస్టుకి హోస్టులో 16 పేజీలు బూట్ పారామీటర్లలోనే రిజర్వ్ చేసి, ఎక్స్ఎంఎల్‌లో మెమరీబ్యాకింగ్ కింద హ్యూజ్‌పేజెస్ సైజు 1 జీబీ అని రాయండి. సర్వర్ కొన్నాళ్లు నడిచాక అడిగితే వరుసగా 1 జీబీ ఖాళీ దొరకడం కష్టం. రెండు ప్రాసెసర్ సాకెట్లుంటే పేజీలు నోడ్‌కి (ఒక్కో సాకెట్, దాని మెమరీ) సగం చొప్పున పంచుకుపోతాయి, అది లెక్కలో పెట్టుకోండి.