ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం, తొందరపాటు కనిపించే మెదడు ఎదుగుదల తేడా) వల్ల మేలు కూడా ఉంటుందా?

ఉంటుంది. అయితే "అదొక వరం" అనే మాటలను నమ్మవద్దు. కరెంటు బిల్లు గడువు మరిచిపోయి ప్రతిసారీ జరిమానా కట్టేవారికి అది వరంలా కనిపించదు.

ఏడీహెచ్‌డీలో ధ్యాస లేకపోవడం కన్నా, దాన్ని కావలసినచోటికి మళ్లించలేకపోవడమే పెద్ద చిక్కు. అందుకే విసుగు పుట్టించే పని ముందు పది నిమిషాలు కూర్చోలేని మనిషి, నచ్చిన పని దొరికితే భోజనం సంగతి కూడా మరిచి గంటల తరబడి మునిగిపోగలడు.

పరిసరాల ప్రభావం గురించి కెన్యా నుంచి ఒక ఆసక్తికరమైన ఉదాహరణ ఉంది. అక్కడి అరియాల్ పశుపాలకుల్లో కొందరు సంచార జీవులు, కొందరు స్థిరపడినవారు. 2008లో వెలువడిన ఒక అధ్యయనం వారిలో, డోపమైన్ అనే మెదడు రసాయనాన్ని అందుకోవడంలో పాత్ర ఉన్న డీఆర్‌డీ4 జన్యువును పరిశీలించింది. ఏడీహెచ్‌డీతో ముడిపెట్టే జన్యురూపం ఉన్న పురుషులు సంచారుల్లో మిగతావారికన్నా పుష్టిగా ఉన్నారు. స్థిరపడినవారిలో మాత్రం కాస్త బక్కగా ఉన్నారు. ఒక్క జన్యువుతోనే ఎవరికీ ఏడీహెచ్‌డీ రాదు కానీ, ఒకచోట లోటైనది మరోచోట అక్కరకు రావచ్చని ఇది సూచిస్తోంది.

ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్‌కు చిన్నతనంలోనే ఏడీహెచ్‌డీ ఉందని తేల్చారు. ఆయన ఒలింపిక్ పతకాలు 28. ఏడీహెచ్‌డీయే గెలిపించిందనలేం. కానీ ఈతలో ఉండే కచ్చితమైన దినచర్య, వెంటనే తెలిసే ఫలితం ఇలాంటి మనసుకు నప్పుతాయి.

కాబట్టి కొత్తదనం, దగ్గరి గడువులు ఉన్న పనిని ఎంచుకోండి. బిల్లులను బ్యాంకు ఆటోపేకి అప్పగించండి. మందులు అవసరమని వైద్యులు చెబితే, "నా ప్రత్యేకత పోతుందేమో" అని మానుకోకండి.